ఆ కాలంలో అందరూ అంతేనట

పదకొండు దాటింది. అంట్ల పని అయిపోయింది కానీ కోపం దిగలేదు.

అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ మీద చిన్నది చేసిన ప్రాజెక్టును టీచరు మెచ్చుకున్నారట, సంతోషం. భోజనాల దగ్గర అది ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లోని బానిసల సంగతి ఎత్తగానే, వచ్చిన పెద్దమనిషి అప్పడం విరుచుకుంటూ "ఆ కాలంలో అందరూ అంతేనమ్మా" అని తేల్చేశారు. ఈయన తల ఊపారు. ఆ తల ఊపుడు గురించి మీకు కొత్తగా చెప్పనవసరం లేదు.

అందరూ అంటే ఎవరు? పెన్సిల్వేనియా 1780లోనే బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం తెచ్చింది. బయటి రాష్ట్రపు యజమాని తన బానిసను అక్కడ ఆరు నెలలు వరుసగా ఉంచితే, ఆ మనిషి స్వేచ్ఛ కోరవచ్చు. రాజధాని ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో అధ్యక్షులవారు గడువు నిండకముందే తన వాళ్లను సరిహద్దు దాటించి మళ్లీ రప్పించేవారు. ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వవద్దని 1791లో కార్యదర్శికి ఉత్తరం కూడా రాశారు. అందరూ చేసే పనే అయితే ఈ గుట్టు దేనికి?

ఫిలడెల్ఫియాలో వాషింగ్టన్ ఉన్న ఇల్లు ఇప్పుడు లేదు. అమెరికా స్వేచ్ఛకు గుర్తుగా చూపించే లిబర్టీ బెల్ అనే గంట పక్కన అది ఉన్న చోట మేము చూసినప్పుడు రాతి గోడ మీద ఆ ఇంట్లోని బానిసల పేర్లు తొమ్మిది చెక్కి ఉన్నాయి. జనమంతా గంట దగ్గర వరుసలో ఉన్నారు. ఎండగా ఉంది పదమని ఈయన తొందర. చిన్నది మాత్రం ఆ అక్షరాల్లో వేలు పెట్టి దిద్దుకుంటూ కదలదు. ఓనీ జడ్జ్ పేరు దగ్గర ఆగిపోయింది. మార్తా వాషింగ్టన్ తన మనవరాలికి పెళ్లికానుకగా ఇవ్వబోతోందని తెలిసి, 1796 మే నెలలో దంపతులు భోజనం చేస్తుండగా ఇల్లు వదిలి వెళ్లిపోయిన అమ్మాయి ఆమె.

ఇంతవరకు రాశాక వీలునామా గుర్తొచ్చింది. తన సొంతమైన 123 మందిని భార్య తదనంతరం విడిచిపెట్టమని 1799లో రాసిపెట్టారు వాషింగ్టన్. స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానులని రాసిన జెఫర్సన్ వీలునామాలో విడుదలైంది ఐదుగురే. ఆయన పోయాక అప్పుల కింద 1827లో 130 మందిని వేలం వేశారు. జెఫర్సన్‌కంటే వాషింగ్టన్ నయమే కదా అని కాస్త మెత్తబడ్డాను.

ఆ మెత్తదనం ఎంతోసేపు నిలవలేదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్‌లో ఆచూకీ దొరికినప్పుడు ఓనీ ఒక్కటే అడిగింది: మీ ఇద్దరి తర్వాతైనా విడిచిపెడతామని మాటివ్వండి, తిరిగి వస్తాను. కుదరదన్నారు వాషింగ్టన్. పారిపోయినదానికి ముందే మేలు చేస్తే, నమ్మకంగా ఉన్నవాళ్లకు అన్యాయమట! మూడేళ్లకు అదే ఏర్పాటు తన వీలునామాలో రాశారు. అదీ ఓనీకి వర్తించదు. ఆమె మార్తా మొదటి భర్త ఎస్టేటు లెక్కలోని మనిషి, వాళ్లను విడిపించే అధికారం వాషింగ్టన్‌కు లేదు. ఓనీ న్యూ హాంప్‌షైర్‌లోనే పెళ్లి చేసుకుంది, చదవడం నేర్చుకుంది, పేదరికంలో బతికింది. 1848లో పోయేదాకా చట్టం దృష్టిలో పరారీలో ఉన్న ఆస్తే.