కారెంపూడి చాపకూడు

పిడుగురాళ్లలో గంటకు పైగా నిలబడినా బస్సు రాకపోవడంతో, మామూలు రోజుల కంటే రెండింతలు అడిగిన ఆటోలోనే కారెంపూడి చేరుకున్నాను. పండుగ పేరు చెప్పి ప్రయాణికులను పిండుకుంటున్నారన్న కోపం నాగులేటి ఒడ్డుకు వచ్చేదాకా తగ్గలేదు.

అక్కడ ఒక పెద్దాయన ఇనుప కొణతానికి, అంటే పల్నాటి వీరుడి గుర్తుగా కొలిచే ఆయుధానికి, స్నానం చేయిస్తున్నారు. పసిబిడ్డకు లాలపోసినట్లు నెమ్మదిగా నీళ్లు పోసి, తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొనకు నిమ్మకాయ గుచ్చారు. "మా ఇంటి వీరుడయ్యా, ఏటా తోలుకొస్తాం" అన్నారు. మోసుకొస్తాం అనలేదు, మనిషిని గురించి అనే మాటే అన్నారు.

కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు సాగే పల్నాటి వీరుల ఉత్సవాల్లో ఆనాడు మూడవదైన మందపోరు. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజుకు, మాచర్ల మలిదేవరాజుకు ఇక్కడే జరిగిన యుద్ధమూ, దానికి ముందరి కోడిపందెమూ, ఏడేళ్ల వలసా తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. నన్ను అంతదూరం రప్పించింది మాత్రం చాపకూడు. కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడనీ బ్రహ్మనాయుడి గురించి చెప్పుకునే కథను ఈ ఊరు ఏటా మందపోరు నాడు విస్తరి వేసి మరీ గుర్తుచేసుకుంటుంది.

పంక్తిలో ఆ పెద్దాయన పక్కనే చోటు దొరికింది. వేడి అన్నం, పైన వంకాయ కూర. "ఏ ఊరయ్యా మీది?" అని అడిగారు. మా వైపు ఆ ప్రశ్న వెనుకనే ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరు తెలిసిందంటే మిగిలినదీ తెలిసినట్లే. అందుకే జవాబు చెప్పి, రెండో ప్రశ్న కోసం బిగుసుకుని కూర్చున్నాను. ఆయన అడిగింది, "ఇంకాస్త కూర వేయించుకోరాదూ?" అని.

అప్పుడు మా అమ్మమ్మగారి ఇల్లు గుర్తుకు వచ్చింది. నాట్లు వేసి అలసి వచ్చిన కూలీలకు ఆమె కడుపునిండా పెట్టేది, కానీ పెరట్లో, విడిగా. వాళ్లు నీళ్లు తాగే సత్తు గ్లాసులు పశువుల కొట్టం చూరులో దోపి ఉండేవి. చిన్నప్పుడు నేనొకసారి వాటిని ముట్టుకుంటే నన్ను బావి దగ్గరకు లాక్కుపోయి తలమీద నీళ్లు కుమ్మరించింది. ప్రేమగల మనిషే అలా చేసిందన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కూర కారానికి నాకు పొలమారింది. పెద్దాయన తాను తాగుతున్న చెంబును నా చేతిలో పెట్టి, నా వీపు నిమిరారు. మిగిలిన నీళ్లన్నీ తాగేశాను.