మూడుసార్లు పడేశాను, మూడుసార్లూ నేనే లేపుకున్నాను

మట్టి దారిలో రెండు రోజుల ట్రిప్పుకి వెళ్ళి బైక్‌ని మొదటిసారి పడేసింది వాగులోనో బురదలోనో కాదు, పెట్రోల్ కొట్టించుకుని బంక్‌లోంచి బయటికొస్తూ. వెనక బ్యాగులు కట్టాక బండి తూకం మారుతుందని తెలుసు గానీ, ఎడమ కాలు పెట్టిన చోట నేల రెండంగుళాలు పల్లంగా ఉందని చూసుకోలేదు. కాలు అందలేదు. బండి మెల్లగా, చూస్తూ ఉండగానే పక్కకి ఒరిగింది, నేనూ దాంతోపాటే మర్యాదగా ఒరిగాను.

నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బండి సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. కొనే ముందు రాత్రిళ్ళు కూర్చుని చూసిన అంకెలు ఇవే. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత హిమాలయన్ 411కి 800, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్‌కీ బీఎండబ్ల్యూ జీ 310 జీఎస్‌కీ 835, 2020లో వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్‌కి 855. ఫోన్‌లో చూస్తుంటే ఇవన్నీ ఒకలాగే ఉంటాయి, అటూ ఇటూ కలిపి ఐదున్నర సెంటీమీటర్ల తేడా. ఆ ఐదున్నర సెంటీమీటర్లు ఏంటో పల్లంలో కాలు పెట్టినప్పుడు తెలుస్తుంది. అందుకే ఎవరైనా అడిగితే షోరూమ్ నేల మీద కూర్చుని చూసి సరిపెట్టుకోవద్దనే చెప్తాను, సామాను కట్టి, ఎగుడుదిగుడు నేల మీద కూర్చుని చూడాలి. సీటు వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది, సన్న సీటైతే కాళ్ళు తిన్నగా కిందికి దిగుతాయి.

నాది 200 సిసి బండి, పెట్రోల్‌తో కలిపి 160 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. నాతో వచ్చిన అన్నది 400 పైన, 200 కిలోలకి దగ్గర. ఆయన ఆరడుగుల మనిషి, పైగా ఇంకా ఎత్తు సీటు వేయించుకున్నాడు. రెండు రోజులు, మొత్తం 420 కిలోమీటర్లు, అందులో అరవై దాకా మట్టి దారి అని ప్లాన్.

తారు రోడ్డు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. 80, 85 మీద బండి హాయిగా ఉంది, 100 దాటిస్తే చేతులు తిమ్మిరెక్కాయి. అన్న ప్రతి మలుపు దగ్గరా ఆగి నాకోసం చూస్తూ నీళ్ళు తాగుతున్నాడు. కొండ ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌లో పోయే బండి మూడులోకి, ఒక్కోసారి రెండులోకి దిగాల్సొచ్చింది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి పల్చనై ఇలాంటి బండి ఇంజిన్‌కి వెయ్యి మీటర్లకి సుమారు పది శాతం శక్తి తగ్గుతుంది, అసలే తక్కువ ఉన్నవాడికి ఆ పది శాతం బాగా కనిపిస్తుంది. లారీని దాటాలంటే ముందు ఎంత రోడ్డు ఖాళీగా ఉందో రెండుసార్లు చూసుకోవాలి. చిన్న బండికి ఇది తప్పదు, హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్ళు దీన్ని తీసుకుని తర్వాత బాధపడొద్దు.

మట్టి దారి మొదలైన చోట ఆగి టైర్లలో గాలి తగ్గించాం, 30 పీఎస్‌ఐ దగ్గర ఉన్నదాన్ని 22కి తెచ్చాను. ఇంకా తగ్గించొచ్చు గానీ నా చక్రాలు పుల్లలవి, లోపల ట్యూబ్ ఉంది, రాయి తగిలితే ట్యూబ్ రిమ్‌కీ రాయికీ మధ్య నలిగి చిరిగిపోతుంది. బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ని వెనక చక్రానికి ఆపేశాను. కంకర మీద చక్రం జారినప్పుడల్లా ఏబీఎస్ బ్రేక్ వదిలేస్తూ ఉంటుంది, బండి ఆగదు, అదే చక్రం బిగుసుకుంటే ముందు కాస్త కంకర పోగుపడి అదే ఆపుతుంది.

మొదటి ఐదు కిలోమీటర్లు నరకం. హ్యాండిల్ ఎంత గట్టిగా పట్టుకుంటే అది అంత విదిలించుకుంటోంది. అన్న పక్కకొచ్చి, "చక్రాన్ని చూడకు రా, దారి చూడు. చేతులు వదులు చెయ్యి, మోకాళ్ళతో పట్టుకో" అన్నాడు. కాళ్ళు పెట్టుకునే పెగ్‌ల మీద లేచి నిలబడి ట్యాంకుని మోకాళ్ళ మధ్య నొక్కి, మోచేతులు బయటికి పెట్టి, ఇరవై ముప్పై మీటర్ల అవతలికి చూడ్డం మొదలుపెట్టాను. కింద బండి దాని ఊగడం అది ఊగుతోంది, పైన నేను మాత్రం కదలట్లేదు! 21 అంగుళాల ముందు చక్రం పిడికిలంత రాళ్ళని ఎక్కి దిగిపోతుంటే, వాటిని తప్పించడానికి ఇందాక ఎందుకంత కష్టపడ్డానా అనిపించింది. ఈ పెద్ద చక్రమే తారు మీద మలుపుల్లో కాస్త బద్ధకంగా తిరుగుతుంది, అది వేరే సంగతి.

ఆ ధైర్యమే రెండోసారి పడేసింది. దిగుడులో కుడి మలుపు, వదులు కంకర, భయపడి ముందు బ్రేక్ గట్టిగా పట్టేశాను. చక్రం జారి నేను కంకర మీద కూర్చున్నాను, బండి నా పక్కన పడుకుంది. హ్యాండ్‌గార్డ్ గీసుకుపోయింది, బ్రేక్ లివర్ బతికింది. లివర్‌ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంప్‌ని ముందే కాస్త వదులుగా పెట్టుకున్నాను, పడితే విరక్కుండా తిరిగిపోవడానికి, అది పనిచేసింది. ఆ తర్వాత ప్రతి దిగుడూ మొదటి గేర్‌లో ఇంజిన్‌తోనే ఆపుకుంటూ, ముందు బ్రేక్ మీద ఒకే వేలు పెట్టి దిగాను.

అన్న వెనక్కి వచ్చేలోపే లేపుకున్నాను. ముందు ఇంజిన్ ఆపి గేర్‌లో ఉంచాలి, కుడివైపు పడింది కాబట్టి సైడ్ స్టాండ్ ముందే దింపాలి, లేకపోతే లేపిన ఊపులో అవతలికి పోతుంది. తర్వాత సీటుకి నడుం ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ చివర, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైల్ పట్టుకుని, కాళ్ళ బలంతో చిన్న చిన్న అడుగులు వేస్తూ వెనక్కి నెట్టాలి. వంగి చేతులతో ఎత్తబోతే నడుం పోతుంది. అన్న వచ్చి, "అప్పుడే లేపేశావా?" అన్నాడు.

ఆయన సంగతి వాగు దగ్గర తేలింది. నేను బూట్లతోనే దిగి అటు ఒడ్డు దాకా నడిచి చూశాను. మోకాలి కింద నీళ్ళు, అడుగున గుండ్రాళ్ళు, ఎడమవైపు నాచు. మొదటి గేర్, ఒకే లెవెల్లో యాక్సిలరేటర్, మధ్యలో క్లచ్ నొక్కకుండా కుడివైపుగా దాటేశాను. అన్న నడిచి చూడలేదు, ఆయనకి అనుభవం ఉంది కదా. సరిగ్గా నడి వాగులో వెనక చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. ఇద్దరం కలిసి అటూ ఇటూ ఊపి, నెట్టి బయటికి తీసేసరికి ఇరవై నిమిషాలు. ఆయన ఒక్కడే వచ్చి ఉంటే ఎవరో ఒకరు వచ్చేదాకా అక్కడే నీళ్ళలో నిలబడేవాడు.

మూడోసారి ఒడ్డు దాటిన సంబరంలో. ఇసుక వచ్చింది, భయపడి యాక్సిలరేటర్ వదిలేశాను, ముందు చక్రం దిగబడింది, అంతే. ఇసుకలో నెమ్మదిస్తే పడతావని ఎన్నిసార్లు చదివానో! ఒళ్ళు వెనక్కి వేసి, రేజ్ ఇస్తూనే ఉండాలి. చెయ్యి మాత్రం చదివినదాన్ని వినదు. మెత్తగా పడ్డాను కాబట్టి నవ్వుకుంటూ లేపాను, కాకపోతే అప్పటికి భుజాల్లో సత్తువ అయిపోయింది.

రెండో రోజు ఆఖరి మట్టి దారి పది కిలోమీటర్లు ఉందనగా అన్న ఆగి హెల్మెట్ తీసి, "ఒకసారి నీది ఇవ్వరా" అన్నాడు. తాళాలు మార్చుకున్నాం. ఆయన నా బండి మీద నిలబడి రాళ్ళ మీంచి దూకించుకుంటూ పిల్లాడిలా వెళ్ళిపోయాడు. నేను ఆయన బండి ఎక్కి, రెండు కాళ్ళూ గాల్లో వేలాడుతుంటే, ఆ పది కిలోమీటర్లూ ఎక్కడా ఆపకుండా పోయాను. ఆపితే కాలు పెట్టాలి కదా.