కళ్లు తిరగనేదు

"అయితే చెప్పను" అంది మా పెద్దది. కారు ఇంకా ఎయిర్‌ఫీల్డ్ గేటు కూడా దాటలేదు.

తప్పు నాదే. జూన్‌లో ఓ శనివారం, ఇండియానాలో మా ఊరి పక్కనే పిల్లల్ని ఉచితంగా చిన్న విమానాల్లో తిప్పారు. యంగ్ ఈగల్స్ అనే ఈ కార్యక్రమం 1992 నుంచీ ఉంది. 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్ని పైలట్లు తమ ఖర్చుతోనే ఎక్కించుకుంటారు. మా వంతుకి సెస్నా 172 వచ్చింది. నాలుగే సీట్లు. రెక్కలు నెత్తిమీదుంటాయి కాబట్టి కింద నేలంతా అడ్డులేకుండా కనిపిస్తుంది. ఎక్కేముందు డెబ్బై దాటిన పైలట్ రెక్క కింద నుంచి కాస్త పెట్రోలు చిన్న గ్లాసులోకి పట్టి, ఎండకెత్తి చూపించాడు. లేత నీలం. నీళ్లు కలిస్తే అడుగున విడిగా తెలిసిపోతాయట. పిల్ల కళ్లార్పితే ఒట్టు.

పైన హెడ్‌సెట్లో ఆయనతో ఒకటే కబుర్లు. నేను వెనక సీట్లో మోకాళ్లు పట్టుకుని కూర్చున్నా. కింద మొక్కజొన్న, సోయా చేలు గళ్ల లుంగీ పరిచినట్టున్నాయి. 1785 నాటి అమెరికా భూముల చట్టం ప్రకారం మైలు చదరాలుగా కొలిచిన నేల మరి.

దిగగానే ఇంగ్లీషులో గడగడా మొదలెట్టింది. "తెలుగులో చెప్పు" అన్నాను. ఇల్లూ కారూ తెలుగే అని మా రూలు. నేను కోప్పడేటప్పుడు మాత్రం రూలుకి సెలవు, తిట్లన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. ఇంతకీ ఇంజను జోరు పెంచే, తగ్గించే థ్రాటిల్‌ని తెలుగులో ఏమంటారో నాకూ తెలీదు. రాత్రి సారీ చెప్పాను గానీ, ఆ ముచ్చట మళ్లీ రాలేదు. "ఇంట్లో తెలుగే మాట్లాడండి, వాళ్లే దారికొస్తారు" అని కొత్తగా వచ్చినవాళ్లకి సలహాలిచ్చే పెద్దమనిషిని నేనే.

జూలైలో శ్రీకాకుళం వెళ్లాం. మాది శాలిహుండం కొండకి దగ్గర్లో, వంశధార పక్క ఊరు. అరుగు మీద అమ్మ బియ్యం చెరుగుతోంది. పిల్ల ఆ చేట లాక్కుని నెత్తిమీద పెట్టుకుంది.

"రెక్క ఇక్కడ, మామ్మా. మేం కింద. పెట్రోలు నీలం! అక్కడ పొలాలకి వంకర గట్లు లేవు, స్కేలు పెట్టి గీశారు." మధ్యలో మాట దొరక్కపోతే చేట ఊపింది. అరగంట చెప్పింది.

"కళ్లు తిరగనేదేటే?" అంది అమ్మ.

"తిరగనేదు, మామ్మా."

"తిరగలేదు అనాలి" అన్నాను. నోరు ఊరుకుంటేగా!

ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ వెళ్లిన మొదటి నెలలోనే ఈ 'నేదు'ని వదిలించుకున్నాను, హాస్టల్లో ఎవడో నవ్వాడని. ఇరవై రెండేళ్లుగా ఫోన్లో అమ్మతో కూడా 'లేదు' అనే అంటున్నా. మరి పిల్ల మీద పంతం పట్టి రుద్దుతున్న ఆ తెలుగు ఎవరిదో!

"నాన్నా, నువ్వు చిన్నప్పుడు ఏమనేవాడివి?" అడిగింది పిల్ల.

అమ్మ నవ్వింది. నేను చేట తీసుకుని రాళ్లు ఏరడం మొదలెట్టాను.