చిగుట్లోకి వెళ్ళిపోయిన పన్ను

పీచుమిఠాయి అబ్బాయి గంట వీధి మొదట్లో వినబడితే చాలు, మా పాప ఎక్కడున్నా గుమ్మంలోకి పరుగెడుతుంది. ఆ ఆదివారం సాయంత్రం నేను అప్పుడే హాల్లో తడిబట్ట పెట్టాను. శ్రావణమాసం, బయట ముసురు, గచ్చు ఎంతసేపటికీ ఆరలేదు. "నెమ్మదే, జారిపోతావే" అని వంటింట్లోంచి అంటూనే ఉన్నాను, ధబ్బుమని చప్పుడు. హాలుకీ వరండాకీ మధ్య మాకు ఒక మెట్టు ఉంది. విశాఖ అక్కయ్యపాలెంలో మేం అద్దెకుంటున్న ఆ పాత ఇంటికి ఓనరుగారు ఈమధ్యే గ్రానైటు వేయించారు. ఆ రాయి అంచుకి తగిలింది దాని మూతి.

ఏడుపు వెంటనే రాలేదు. ఊపిరి బిగబట్టి నోరు తెరిచి అలా ఉండిపోయింది. నేను వెళ్ళి ఎత్తుకున్నాక ఒక్కసారిగా కేకపెట్టింది. దాంతో పాటే నెత్తురు. నా భుజం మీద నైటీ వెచ్చగా తడిసిపోవడం తెలుస్తూనే ఉంది. దానికప్పుడు రెండేళ్ళ నాలుగు నెలలు.

అమ్మ ఆ నెల మా దగ్గరే ఉంది. "ఏటయిందే? పడిపోయిందా? ఇలా తే, ఇలా తే" అంటూ పిల్లని ఒళ్ళో వేసుకుంది. శుభ్రమైన నూలుగుడ్డ చల్లనీళ్ళలో తడిపి పెదవి మీద ఒత్తిపట్టింది. పది నిమిషాలు పట్టిందో, పదిహేను పట్టిందో, నెత్తురు కాస్త తగ్గింది. అప్పుడు చూశాను. పైవరసలో కుడివైపు ముందరి పన్ను లేదు. దాని చోట ఎర్రగా గుంట. పక్క పన్ను ఉంది గానీ, వేలు తగిలితే కదులుతోంది. పై పెదవి అప్పుడే ఉబ్బిపోయి ముక్కు దాకా వచ్చింది.

నాకు కాళ్ళాడలేదు. ఊడిన పన్ను పాలల్లో వేసి తీసుకెళ్తే మళ్ళీ పెడతారని ఎక్కడో విన్నమాట బుర్రలో తిరుగుతోంది. ఫోన్ టార్చి వేసుకుని దివాన్ కింద, చెప్పుల స్టాండు వెనక, తులసికుండీ చుట్టూ వెతికాను. చీపురుతో మెట్టంతా తుడిచి చెత్తని పేపరు మీద పోసి వేళ్ళతో కెలికాను. ఒక బియ్యపుగింజ కనబడితే పన్నే అనుకుని గుండె ఝల్లుమంది. అమ్మ ఒక చేత్తో పిల్లని పట్టుకుని ఇంకో చేత్తో గ్లాసుడు పాలు పట్టుకుని కూర్చుంది. పన్ను దొరకలేదు. మింగేసిందేమో, ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో అని కొత్త భయం పట్టుకుంది.

మావారు పోర్టులో డ్యూటీలో ఉన్నారు, ఫోన్ ఎత్తలేదు. పక్కింటి పిన్నిగారి అబ్బాయి ఆటో పిలిచాడు. ఆదివారం సాయంత్రం ఏ క్లినిక్ తీసి ఉంటుంది? రెండు చోట్ల షట్టర్లు చూసి, మూడో చోట ఒక డాక్టర్ దొరికారు. పిల్ల ఏడుస్తుంటే టార్చి వేసి ఒక్క నిమిషం చూశారు. "పన్ను విరిగిపోయిందమ్మా, వేరు లోపలుంది. రేపు మత్తిచ్చి తీసేద్దాం. పక్కది కూడా నిలబడదు" అన్నారు. ఎక్స్‌రే తీయలేదు. తీయకుండా ఆ మాట అనేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ రాత్రి పాప నిద్రలో కూడా వెక్కుతూనే ఉంది. పది దాటాక మావారు వచ్చారు. నేను "తడిబట్ట నేనే పెట్టానండీ" అని ఒకే మాట పదిసార్లు అన్నాను. ఆయన ఏమీ అనకుండా మెట్టు దగ్గరికి వెళ్ళి, గోనెపట్టా మడిచి ఆ అంచు మీద వేసి వచ్చారు. విజయనగరం నుంచి అత్తయ్యగారు ఫోన్ చేసి పసుపు అద్దమన్నారు. పిన్నిగారు "పాలపన్నే కదమ్మా, తీయించేస్తే పోలా, ఎలాగూ ఊడేదే" అన్నారు. ఎవరి ప్రేమ వాళ్ళది. కానీ ఊడేదే అన్నమాట మాత్రం నాకు గుచ్చుకుంది. పైవరస ముందరి పాలపళ్ళు ఊడేది ఆరేడేళ్ళకి. అంటే ఇంకా దాదాపు నాలుగేళ్ళు. అన్నాళ్ళూ దాని నవ్వులో ఆ ఖాళీ ఉంటుందా అని తెల్లారేదాకా అదే ఆలోచన.

పొద్దున్నే మా తోడికోడలు చెప్పిన పిల్లల పళ్ళ డాక్టరుగారి దగ్గరికి ద్వారకానగర్ వెళ్ళాం. ఆవిడ నోరు చూడకముందే వరసగా అడిగారు. పడినప్పుడు స్పృహ తప్పిందా? వాంతి అయిందా? రాత్రి మరీ మగతగా ఉందా? ధనుర్వాతం రాకుండా ఏడాదిన్నరకి వేసే బూస్టర్ టీకా వేయించారా? దగ్గు గానీ ఊపిరి ఆడనట్టు గానీ ఉందా? పంటి కంటే ముందు తల సంగతి తేల్చుకోవాలన్నారు. ముందురోజు మాకెవరికీ తట్టని విషయం అది.

తర్వాత నన్ను తనకి ఎదురుగా కుర్చీలో మోకాళ్ళు ఆనేలా కూర్చోబెట్టుకుని, పాప కాళ్ళు నా నడుముకి ఇటూ అటూ ఉండేలా వేసి, తల తన ఒళ్ళో పెట్టుకున్నారు. పాప నా మొహమే చూస్తూ ఏడ్చింది గానీ పెనుగులాడలేదు. కుర్చీలో ఒక్కదాన్నే పడుకోబెట్టి ఉంటే చేతికి దొరికేది కాదు. చూసి, చిన్న ఫిల్ముతో ఎక్స్‌రే తీసి, లైటు ముందు పెట్టి చూపించారు.

"మీరు నేలంతా వెతికారు కదా. పన్ను ఇదిగోనమ్మా, ఇక్కడే ఉంది."

చిగుట్లో, పైకి, నిలువునా దిగబడి ఉంది పన్ను. విరగలేదు. ఊడలేదు. మేకుని సుత్తితో కొడితే చెక్కలోకి పోయినట్టు ఎముకలోకి పోయింది. చిన్నపిల్లల ఎముక మెత్తన కాబట్టి పన్ను విరగడం కంటే ఇలా కదిలిపోవడమే ఎక్కువట. నేను ఆ గాజుపలక మీది తెల్లటి చుక్కని చూసి ఏడ్చేశాను. పోయిందనుకున్నది అక్కడ ఉంది.

ఆవిడ నిదానంగా చెప్పిన సంగతులు ఇంకో తల్లికి పనికొస్తాయని రాస్తున్నాను. ఎక్స్‌రేలో ఆ పన్ను పక్క పన్ను కంటే పొట్టిగా కనబడింది. అంటే దాని వేరు కొస పెదవి వైపు వెళ్ళింది. పొడుగ్గా కనబడి ఉంటే, లోపల తయారవుతున్న శాశ్వత పంటి మొగ్గ వైపు వెళ్ళినట్టు. ఒకప్పుడు అలా మొగ్గ వైపు వెళితే పాలపన్ను తీసేయమనేవారట. పళ్ళ దెబ్బల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో సూచనలు మార్చింది. ఎటు వెళ్ళినా ముందు దాన్నలా వదిలేసి, దానంతట అది కిందికి దిగుతుందేమో చూడాలంటున్నారు. సాధారణంగా ఆరు నెలల్లో దిగుతుంది, కొందరికి ఏడాది పట్టొచ్చు.

పాలల్లో వేసే సంగతి కూడా అడిగాను. అది శాశ్వత పంటికే. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి కొత్తగా వచ్చిన ముందరి పన్ను ఊడిపడితే, వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీయాలి. మట్టి అంటితే చల్లనీళ్ళలోనో పాలలోనో ఒక్కసారి కడిగి, వీలైతే వెంటనే దాని గుంటలోనే పెట్టి గుడ్డ కొరికించాలి. కుదరకపోతే పాలల్లో వేసుకుని పరుగెత్తాలి. అరగంట లోపు చేరితే మేలు. పాలపన్ను ఊడితే మాత్రం మళ్ళీ పెట్టరు. పెడితే లోపలి మొగ్గకి దెబ్బ. ఈ తేడా ఆ సాయంత్రం నాకు తెలియదు. పక్కింట్లో ఎనిమిదేళ్ళ పిల్లాడున్నాడు కాబట్టి మర్నాడే పిన్నిగారికి చెప్పేశాను.

"మరి ఇప్పుడేం చెయ్యాలి డాక్టరుగారూ?" అన్నాను.

"కనిపెట్టుకుని ఉండాలమ్మా" అన్నారు.

ఆ మాటంత కష్టమైన మందు ఇంకోటి లేదు. చేతులు ఊరుకోవు కదా. చేయడానికి ఆవిడ ఇచ్చినవి చిన్న చిన్న పనులు. రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్షుతో తోమి, స్పిరిటు కలవని క్లోర్‌హెక్సిడిన్ అనే నోరు కడిగే మందు దూదిపుల్లతో ఆ చోట అద్దాలి, వారం రోజులు. నొప్పికి పిల్ల బరువు చూసి రాసిన పారాసిటమాల్ సిరప్. పది రోజుల పైన మెత్తటి తిండి. రాత్రి పాలసీసా మానిపించి గ్లాసుతో తాగించాలి. ఇంకొకటి గట్టిగా చెప్పారు. పై పెదవిని చిగురుకి అంటిపెట్టి ఉంచే సన్నటి పొర చిరిగింది, కుట్లు అక్కర్లేదు, దానంతటదే అతుక్కుంటుంది. కానీ చూడ్డానికి పెదవి పైకెత్తితే మళ్ళీ నెత్తురొస్తుంది.

ఆ చివరిదే కష్టమైంది. వచ్చినవాళ్ళంతా "ఏదీ, ఓసారి చూపించమ్మా" అని పెదవి మీదికే చెయ్యి. అమ్మ గుమ్మంలోనే ఆపేది. "చూడొద్దండి బాబూ, రక్తం వస్తాది. పిల్లతో మాట్లాడండి చాలు" అని. పాపకి కూడా అమ్మే చెప్పింది, "నీ పన్ను బజ్జుంది అమ్మలూ, గట్టిగా పిలవకూడదు" అని. పాప రోజూ అద్దం ముందు నిలబడి మూతి మీద వేలు పెట్టుకుని "ష్" అనేది.

తిండికి చోడిజావ, అంటే రాగిజావ, కాపాడింది. మావైపు చోళ్ళు లేని ఇల్లుండదు. అమ్మ రాత్రి నానబెట్టిన చోడిపిండి కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి చెంచాతో పెదవి పక్కనుంచి పోసేది. పెరుగన్నం మెత్తగా పిసికి, అరటిపండు గుజ్జు చేసి, ఉడికిన బంగాళాదుంప వెన్న వేసి. జంతికల డబ్బా అటక ఎక్కించేశాం. దాని కోసం అది చెయ్యి చాపినప్పుడల్లా కళ్ళు తిప్పుకోవడం నాకు నరకంగా ఉండేది.

వారానికి వాపు పూర్తిగా తీసింది. చిగురు మూసుకుపోయింది. అక్కడ పన్నుందని ఎవరికీ తెలియనంత నున్నగా. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. ప్రతి ఆదివారం అదే కిటికీ దగ్గర ఒక ఫోటో తీసేదాన్ని, పాప "ఈ" అంటే. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూసుకోవడం, తేడా లేదని ఫోన్ తిరగేసి పెట్టుకోవడం.

నాలుగో వారం మొదట్లో, బ్రష్ చేయించి చివర్లో చిగురు మీద వేలితో రాస్తుంటే ఏదో తగిలింది. ఉడికీ ఉడకని సగ్గుబియ్యం గింజ ఉంటుందే, పైన మెత్తన, లోపల చిన్న పలుకు, అలా. వేలు తీసి మళ్ళీ పెట్టాను. ఉంది. "అమ్మా!" అని అరిచిన అరుపుకి అమ్మ స్టవ్ మీద పాలు వదిలేసి వచ్చింది. ఆవిడ చెయ్యి కడుక్కుని, తన వేలు పెట్టి, కళ్ళు మూసుకుని, "పంటి అంచేనే" అంది. పాలు పొంగి స్టవ్వంతా పోయాయి. పొంగనీ అనుకున్నాం.

ఆరు వారాల చెకప్‌కి వెళ్ళేసరికి తెల్లటి గీత కంటికే కనబడుతోంది. అయితే కదిలిన పక్క పన్ను గట్టిపడింది గానీ బూడిదరంగుకి తిరిగింది. మళ్ళీ టెన్షన్. దెబ్బకి లోపలి రక్తనాళాలు కమిలితే అలా రంగు మారుతుందని, ఒక్కోసారి మళ్ళీ తేలికపడుతుందని, రంగు కోసం పన్ను తీయక్కర్లేదని డాక్టరుగారు చెప్పారు. చూడాల్సింది వేరేవి. చిగురు మీద చీముపొక్కులాంటిది లేచినా, వాపు వచ్చినా, తగ్గిన కదలిక మళ్ళీ మొదలైనా, ఉన్నట్టుండి ఆ వైపు తినడం మానేసినా ఆగకుండా రావాలి. అవేవీ రాలేదు.

మార్గశిరంలో అమ్మ మొక్కు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గురువారం పసుపు కుంకుమ ఇస్తానని పడిన రోజునే మొక్కుకుందట, నాకు చెప్పలేదు. మార్గశిర గురువారం అంటే ఆ లైను సంగతి విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడ అమ్మవారిని ఎవరి చేతులతో వాళ్ళే పూజించుకోవచ్చు. పాప రెండు చేతులా పసుపు తీసుకుని పెట్టింది. బయటికొచ్చాక నేను చూసుకునేలోపే ప్రసాదం కొబ్బరిముక్క తీసుకుని ముందరి పళ్ళతో కటుక్కున కొరికింది. అమ్మా నేనూ ఊపిరి బిగబట్టి దాని మొహం చూశాం. నమిలి, మింగి, ఇంకో ముక్కకి చెయ్యి చాపింది. అప్పటికి పన్ను మూడొంతులు దిగింది.

ఫిబ్రవరిలో ఆరునెలల చెకప్. దిగాల్సినంత దాదాపు దిగిందన్నారు, ఒక్క వెంట్రుకవాసి పొట్టిగా ఉందంతే. పక్కదాని బూడిదరంగు పోయి కాస్త పసుపుగా తేలింది. శాశ్వత పన్ను ఏడెనిమిదేళ్ళకి వస్తుంది. దాని మీద తెల్లమచ్చో గోధుమరంగు మచ్చో ఉండొచ్చని, ఇలా లోపలికి దిగబడ్డ దెబ్బల్లో ఆ అవకాశం ఎక్కువని దాచకుండా చెప్పారు. ఉంటే అప్పుడు చూసుకోవచ్చు, చికిత్సలున్నాయి అన్నారు. ఆగస్టులో ఏడాది చెకప్ ఉంది.

గోనెపట్టా తీసేసి ఆ మెట్టు అంచుకి మావారు రబ్బరు పట్టీ అతికించారు. నేను తడిబట్ట ఇప్పుడు పాప పడుకున్నాకే పెడుతున్నాను. ఆదివారం ఫోటోలు మానలేదు. నిన్న కిటికీ దగ్గర నిలబెట్టి "ఈ అనమ్మా" అంటే, వీధిలో ఎవరి కుక్కపిల్లనో చూసి పకపకా నవ్వేసింది. ఫోటో కదిలిపోయి మసకగా వచ్చింది. రెండు పళ్ళూ ఉన్నాయని తెలుస్తోంది. దాన్నే ఉంచాను.