ఎనిమిది కోర్లూ ఒక తెడ్డూ

రాత్రి పదకొండున్నర. ఆ రీడింగ్ హాల్లో పగటి వెలుతురు ఎంత పడుతుందో లెక్కగట్టే సిమ్యులేషన్ ఇంకా నడుస్తూనే ఉంది. కంప్యూటర్ ఫ్యాను మోతకి అత్త రెండుసార్లు తొంగిచూసి, "ఆ మిషనాపి పడుకోరాదా" అనేసి పోయింది.

పొద్దున ఎంత హుషారుగా మొదలుపెట్టాను! ప్రాసెసర్లో ఒకేసారి పనిచేసే కోర్లు ఎనిమిది ఉన్నాయి కదా, హాలు బొమ్మను ఎనిమిది ముక్కలు చేసి రేడియన్స్ అనే వెలుతురు లెక్కల సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే ఎనిమిదో వంతు టైములో తేలిపోతుందని లెక్క. తీరా చూస్తే సగానికి కూడా తగ్గలేదు. కొన్ని ముక్కలు ఎప్పుడో అయిపోయి ఖాళీగా కూర్చున్నాయి, పుస్తకాల ర్యాకులున్న మూల ఒక్కటే ఈడుస్తోంది. అంతకన్నా మండేదేంటంటే, గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురును ఒకడు లెక్కగట్టి రాసిపెడితే మిగతా ఏడుగురూ వాడుకోవచ్చు. నేను విడివిడిగా నడిపాను కాబట్టి అందరూ అదే గోడను మొదటినుంచీ లెక్కేస్తున్నారు. పోనీ అందరికీ ఒకే ఫైలు ఇద్దామంటే, ఒకడు రాసేదాకా మిగతావాళ్లు కాచుకోవాలి. మా ఇంట్లో సంగటి లాగే. ఊరిబిండి ఒకరు, పప్పు ఒకరు చూసుకోవచ్చు గానీ కుండలో తెడ్డు ఒక్కటే తిరగాలి.

"గ్రాఫిక్స్ కార్డు కొనుక్కో" అన్నారు ఈయన. ఆ ఉడుకులో సరే అనేశాను కూడా.

ఇది టైప్ చేస్తుండగానే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది. ఈ చీకట్లో జేజి ఇల్లు గుర్తొస్తోంది. జమ్మలమడుగు దగ్గర మట్టి మిద్దె. నడిమింట్లో కిటికీ లేదు, పైన గవాచి ఒక్కటే. దాంట్లోంచి ఎండ బిళ్ల నేల మీద పడి మెల్లగా జరిగేది. అది రోటి దగ్గరికొస్తే జేజి ఎసరు పెట్టేది. వాన మొదలైతే నన్ను మిద్దెక్కించి గవాచి మీద బండ మూయించేది. ఒకసారి ఆటలో పడి మరిచిపోతే జొన్నల బస్తా తడిసింది. జేజి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ బిళ్ల పక్కన కూర్చుంటే పుస్తకంలో అక్షరాలు కనిపించేవి, జానెడు జరిగితే మసక. గోడలకు సున్నం కొట్టినా అంతే. కింద నల్లటి కడప బండలు, పడ్డ వెలుతురంతా మింగేసేవి.

బండలు!

రీడింగ్ హాలుకీ అవే వేస్తున్నారు. నేనేమో అలవాటు కొద్దీ నేలకు 20 శాతం రిఫ్లెక్టెన్స్ పెట్టేశాను. ఆ నల్ల బండ అంత ఎక్కడ తిప్పి ఇస్తుంది!

కరెంటొచ్చింది. కార్డు వద్దులే. ఏడాదిలో ఒక్కో గంటకీ ఒక్కో బొమ్మ గీయించే బదులు, ఆకాశాన్ని 145 ముక్కలు చేసి ఏ ముక్క ఎంత వెలుగిస్తుందో ఒక్కసారి లెక్కగట్టుకుంటే, ఏడాదిలో 8,760 గంటలకూ ఆ తర్వాత గుణకారమే. ట్రెగెంజా, వాటర్స్ అనే పరిశోధకులు ఈ దారి 1983లోనే చూపించారు. ఒక ముక్కకు ఇంకో ముక్కతో పని లేదు, కోర్లకు హాయిగా పంచొచ్చు. తెలిసీ బద్ధకించాను. అయినా నేలే తప్పు పెట్టాక ఏ దారిలో పోతే ఏం?

91 శాతం దగ్గర ఆపేశాను. ఫ్యాను మోత తగ్గగానే అవతలి గదిలోంచి అత్త, "అయిపోయిందా?"

అయిపోయింది అత్తా, అన్నాను.