వచ్చీపోయే కరెంటుతో వంటిల్లు సర్దుకున్నాను

మా పాత ఫ్రిజ్ కరెంటు తిరిగి వచ్చినప్పుడు పాడైంది. ఆ సాయంత్రం పావుగంటలో నాలుగుసార్లు పోయి వచ్చింది. నాలుగోసారి వచ్చాక ఫ్రిజ్ వెనక నుంచి గుర్రుమనే శబ్దం, కాసేపటికి టిక్కుమని ఆగడం, మళ్లీ గుర్రుమనడం. తెల్లవారేసరికి లోపల చల్లదనం లేదు. మెకానిక్ వచ్చి చూసి, కంప్రెసర్ (గ్యాసును నొక్కి తిప్పే మోటారు) లోపలి తీగచుట్ట కాలిపోయిందన్నారు. పాలు, కూరగాయలు పోతే పోయాయి. కానీ అందులో అమ్మకు నెలకు సరిపడా తెరవని ఇన్సులిన్ ఉంది. పక్కింటివాళ్లు తమ ఫ్రిజ్‌లో చోటిచ్చారు కాబట్టి గండం గడిచింది. ఇంకోసారి అలాంటి రోజు రాకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఎందుకు కాలిపోయిందో మెకానిక్ ఓపికగా చెప్పారు. ఆగిన కంప్రెసర్‌లో ఒకవైపు గ్యాసు పీడనం ఎక్కువగా, రెండోవైపు తక్కువగా ఉంటుంది. రెండూ సమానం కావడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. ఈలోపే కరెంటు వస్తే మోటారు ఆ పీడనాన్ని తోసుకుని తిరగలేదు. తిరగలేకపోయినా కరెంటును మాత్రం మామూలు కన్నా ఎన్నో రెట్లు లాగుతుంది, వేడెక్కుతుంది. అంటే గంటల తరబడి ఉండే కోత కన్నా ఒక్క నిమిషం కోతే ఫ్రిజ్‌కు ఎక్కువ కీడు. ఇది నాకు అంతవరకు తెలియదు.

కొత్తది కొనడానికి తొందరపడలేదు. ప్లగ్గులో గుచ్చే చిన్న వోల్టు మీటరు ఒకటి తెచ్చుకుని, మూడు వారాలపాటు నోటు పుస్తకంలో రాశాను. కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ, పొద్దున మధ్యాహ్నం రాత్రి వోల్టేజీ. ఈ పని చేయకుండా దుకాణానికి వెళ్లవద్దని ఎవరికైనా చెబుతాను. ఎందుకంటే నేను ఊహించుకున్నది ఒకటి, పుస్తకంలో కనిపించింది మరొకటి. మూడు నాలుగు గంటల కోతలే మా బాధ అనుకునేదాన్ని. అవి వారానికి ఒకటో రెండో. చిన్నవి మాత్రం రోజుకు అయిదారు. అంతకన్నా పెద్ద సంగతి వోల్టేజీ. 230 ఉండవలసింది సాయంత్రం వేళ 160కి దిగుతోంది. ఒక అర్ధరాత్రి 265 చూపించింది.

ఆ అంకెలు ముందు పెట్టుకుంటే వంటింటి సామాను తనంతట తానే మూడు రకాలుగా విడిపోయింది. కెటిల్ లాంటి వేడి చేసే వస్తువులకు తక్కువ వోల్టేజీ వల్ల హాని లేదు, ఆలస్యమే. అయితే ఆ ఆలస్యం మనం అనుకునేంత చిన్నది కాదు. వేడి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను బట్టి తగ్గుతుంది. 230 దగ్గర 1500 వాట్లు ఇచ్చే కెటిల్ 160 దగ్గర దాదాపు 725 వాట్లే ఇస్తుంది. నీళ్లు మరగడానికి రెట్టింపు సమయం, చుట్టూ పోయే వేడి వల్ల ఇంకొంచెం ఎక్కువే. మోటారు ఉన్నవాటికి తక్కువ వోల్టేజీ ప్రమాదం. ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్నవాటికి ఎక్కువ వోల్టేజీ ప్రమాదం.

పొయ్యి విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. గ్యాసు స్టవ్వు ముఖ్యం, ఇండక్షన్ స్టవ్ తోడు. స్టవ్వు కూడా కరెంటుతో వెలిగేది కాకుండా లైటర్‌తో వెలిగించుకునేదే తీసుకున్నాను. ఇండక్షన్‌ను ఇన్వర్టర్ మీద నడపవచ్చు కదా అని ఒకరు సలహా ఇచ్చారు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 1500 వాట్లు రావాలంటే, నష్టాలు లెక్కవేయకపోయినా 125 ఆంపియర్లు లాగాలి. ఇళ్లలో పెట్టుకునే మామూలు ఇన్వర్టర్ అంత భారం ఎత్తలేదు, ఎత్తినా బ్యాటరీ ఎంతోసేపు నిలవదు. అదే కరెంటు ఉన్న వేళ నీళ్లు మరిగించి మంచి ఫ్లాస్కులో పోసి పెడితే, ఆ వేడి ఏ బ్యాటరీ లేకుండా రాత్రి దాకా ఉంటుంది. నా ఆలోచన మొత్తం ఇక్కడే మలుపు తిరిగింది. కరెంటును దాచుకోవడం ఖర్చుతో కూడిన పని. వేడిని, చల్లదనాన్ని దాచుకోవడం తేలిక.

ఫ్రిజ్ దగ్గరే అసలైన కసరత్తు. దుకాణంలో అబ్బాయి, “ఇది ఇన్వర్టర్ ఫ్రిజ్ అండీ, కరెంటు పోయినా ఇబ్బంది ఉండదు” అన్నాడు. ఈ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ అంటే అందులో బ్యాటరీ ఏమీ ఉండదు. మోటారు ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా వేగం అందుకుంటుంది, అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటుంది. కరెంటు లేకపోతే అది కూడా ఆగిపోవలసిందే. కాకపోతే మొదలయ్యేటప్పుడు పెద్దగా కరెంటు లాగదు కాబట్టి మాలాంటి ఇళ్లకు అదే మంచిది, అందుకే తీసుకున్నాను. స్టెబిలైజర్ అక్కర్లేదని పెట్టె మీద రాసి ఉంది, కింద చిన్న అక్షరాల్లో ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకో కూడా ఉంది. మా 265 ఆ హద్దు దాటింది. అందుకని స్టెబిలైజర్ విడిగా కొన్నాను. కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి ఫ్రిజ్‌కు అందించేది, వోల్టేజీ మరీ పెరిగినా మరీ తగ్గినా పూర్తిగా ఆపేసేది. ఈ రెండు గుణాలూ ఉన్నాయా అని అడిగి మరీ తీసుకోవాలి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఈ పని చేయదు. అది క్షణకాలం ఎగసే వోల్టేజీకి మాత్రమే.

రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ వద్దనుకుని, మంచు పట్టే పాత పద్ధతి ఒంటి తలుపుది ఎంచుకున్నాను. పట్టిన మంచు కూడా నిల్వ చేసిన చల్లదనమే. దానికి తోడు ఒక్కో లీటరు పట్టే నాలుగు సీసాల్లో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. గడ్డకట్టేటప్పుడు నీరు దాదాపు 9 శాతం పెరుగుతుంది కాబట్టి మూత దాకా నింపకూడదు. ఒక కిలో మంచు కరగడానికి పీల్చుకునే వేడి, అదే కిలో నీటిని 80 డిగ్రీలు వేడి చేయడానికి సరిపోతుంది. కోత గంట దాటితే రెండు సీసాలు కింది అరలోకి మారుస్తాను. ఇన్సులిన్‌కు మాత్రం అవి తగలకూడదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఒకసారి గడ్డకట్టిందంటే ఇక వాడకూడదు. దాని పెట్టెను తలుపు వైపు కాకుండా మధ్య అరలో, సీసాలకు దూరంగా పెట్టాను. తీగతో ఉండే థర్మామీటరు కొని, కొన లోపల ఉంచి అంకెలు బయట కనిపించేలా అమర్చాను. చల్లదనం ఉందో లేదో చూడటానికి తలుపు తీయడమే చల్లదనాన్ని పోగొట్టుకోవడం కదా. మూసి ఉంచితే ఏ ఫ్రిజ్ అయినా నాలుగు గంటల వరకు నిలబడుతుందని అంటారు. ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ మీద పెట్టమన్నారు గానీ, ఈ సీసాలు చూశాక అవసరం అనిపించలేదు. మా ఇన్వర్టర్ దీపాలకు, ఫ్యాన్లకే.

రైస్ కుక్కర్ కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టాను. గిన్నెలో కాసిని నీళ్లు పోయించి, మీట కిందికి నొక్కించి, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టించాను. మీట నొక్కినచోటే ఉంది, దీపం దానంతటదే వెలిగింది. లోపల ఉన్నది ఒక అయస్కాంతం. నీళ్లు ఇంకిపోయి వేడి 100 డిగ్రీలు దాటేదాకా అది మీటను పట్టి ఉంచుతుంది, కరెంటు పోయినా వదలదు. పక్కనే ఉన్న బటన్ల కుక్కర్‌కు అదే పరీక్ష చేస్తే తెర మీద గీతలు మాత్రమే మెరిశాయి, మళ్లీ మొదటి నుంచి నొక్కాలి. మీట ఉన్నదే తెచ్చుకున్నాను. మిక్సీ మామూలుదే, కాకపోతే మీటరు 200 కన్నా తక్కువ చూపిస్తే ముట్టుకోను. మైక్రోవేవ్ మానేశాను.

పోయిన వారం రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. నిద్రపోయే ముందు రెండు సీసాలు కిందికి దించి తలుపు మూశాను. పొద్దున అయిదున్నరకు లేచి చూస్తే ఇంకా రాలేదు. థర్మామీటరు మీద 6 డిగ్రీలు. అమ్మకు కొత్త ఇన్సులిన్ కావలసి వచ్చి ఒక్కసారి తలుపు తీశాను. సీసాల్లో నీళ్ల మధ్య పిడికెడు మంచు గడ్డలు ఇంకా తేలుతున్నాయి.