లోపలి చక్రం

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి ఆగింది కానీ రోడ్డు ఆరలేదు. టైర్లలో గాలి కొట్టించుకుందామని బయల్దేరాను. మా సందు చివర చిన్న ఎత్తు ఎక్కి మెయిన్ రోడ్డు మీదికి తిరగాలి. దూరంగా బస్సు వస్తోంది. అది వచ్చేలోపు దూరిపోదామని స్టీరింగ్ మొత్తం తిప్పి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. కారు కదలాల్సింది పోయి, లోపలివైపు ముందు చక్రం సర్రుమని ఉన్నచోటే తిరిగింది. డాష్‌బోర్డులో, చక్రం జారితే ఇంజిన్‌ని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ లైటు టకటకా కొట్టుకుంది, ఇంజిన్ గొంతు ఒక్కసారిగా పడిపోయింది. ఒకటి రెండు సెకన్లే, కానీ రోడ్డుకి అడ్డంగా ఉన్నప్పుడు అది చాలా ఎక్కువ. బస్సు హారన్ ఇంకా చెవుల్లోనే ఉంది.

తప్పు నా కాలిదే. అయినా తిట్టుకున్నది మాత్రం డిఫరెన్షియల్‌ని, అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టెని.

మధ్యాహ్నం అక్కావాళ్ళు వచ్చారు. బావ లోపలికి రాకముందే నా టైర్లు వంగి చూసి, "ముందువి అరిగిపోయాయి కదరా, వీటితో వానలో రేసులేమిటి?" అన్నాడు. వెనకవి కొంచెం నయంగా ఉన్నాయి, ముందుకీ వెనక్కీ మార్చేద్దామని కారు లేపి స్టాండ్ల మీద నిలబెట్టాం. ఇంజిన్ ఆఫ్, గేర్ వేసే ఉంది. మేం నట్లు వెతుక్కుంటుంటే మేనకోడలు ఒక ముందు చక్రాన్ని పట్టుకుని తిప్పింది.

"మామయ్యా, ఇది ముందుకి తిప్పితే అది వెనక్కి పోతోంది!"

ఓపెన్ డిఫ్, అంటే మామూలు డిఫరెన్షియల్, మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. గేర్‌లో ఉంది కాబట్టి, ఇంజిన్ వైపు నుంచి డిఫ్‌ని తిప్పే పెద్ద క్రౌన్ వీల్ కదలదు. నడుమ ఉన్న చిన్న గేర్లు ఒక చక్రం కదలికని రెండోదానికి తిరగేసి ఇస్తాయి. అసలు అవెందుకు ఉన్నాయంటే, మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెండు చక్రాల మధ్య మీటరున్నర ఉందనుకుంటే, లంబకోణంలో ఒక్క మలుపు తిరిగేసరికి బయటిది దాదాపు 2.36 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. మలుపు ఇరుకైనా వెడల్పైనా తేడా అంతే. కాగితం మీద లెక్క వేసుకునేదాకా నేను నమ్మలేదు.

వేగం ఎలా పంచుకున్నా, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) మాత్రం ఓపెన్ డిఫ్ ఎప్పుడూ సగం సగమే ఇస్తుంది. "మొత్తం శక్తి జారే చక్రానికే పోతుంది" అని చాలామంది అంటారు, అది పూర్తిగా నిజం కాదు. జారే చక్రం ఎంత మోయగలదో, పట్టున్న చక్రానికీ అంతే దక్కుతుంది. పొద్దున నాకు జరిగింది అదే. ముందు చక్రాలతోనే లాగి, ముందు చక్రాలతోనే తిరిగే కారు. యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి వెళ్తుంది, మలుపులో బరువు బయటివైపుకి ఒరుగుతుంది. పాపం లోపలి ముందు చక్రానికి రెండు రకాలుగానూ అన్యాయమే. దానికి దక్కిన ఆ కాస్త పట్టే కారు మొత్తానికి హద్దు.

బావ కారులో హెలికల్ ఎల్‌ఎస్‌డీ ఉంది. అంటే ఏటవాలు పళ్ళ గేర్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఒక చక్రం జారితే రెండోదానికి ఎక్కువ టార్క్ పంపే రకం. సాయంత్రం దాన్ని నడపమని తాళం ఇచ్చాడు. దాని లెక్క సులువు. నిష్పత్తి 2.5 అనుకుందాం. జారే చక్రం 100 న్యూటన్ మీటర్లు మోస్తుంటే రెండోదానికి 250 దాకా పంపగలదు. ఓపెన్‌లో అయితే మొత్తం 200తో సరి, ఇందులో 350. ఈ తేడా కంపెనీలకి తెలియక కాదు. 2001 నాటి హోండా సివిక్ టైప్ ఆర్ యూరప్‌కీ జపాన్‌కీ ఒకే ఫ్యాక్టరీలో, ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో తయారైంది. జపాన్‌కి వెళ్ళినదాంట్లో హెలికల్ ఎల్‌ఎస్‌డీ పెట్టారు, యూరప్‌దాంట్లో పెట్టలేదు. 2009లో వచ్చిన ఆరో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఇంకో దారి పట్టింది. అందులోని ఎక్స్‌డీఎస్ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు మలుపులో లోపలి చక్రానికి మెల్లగా బ్రేక్ వేస్తుంది. ఉపాయం బాగానే ఉంటుంది, కాకపోతే తొక్కిన శక్తిలో కొంత బ్రేకుల్లో వేడిగా పోతుంది. నాకెందుకో అది మనసుకి పట్టదు.

ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఒక పొడుగాటి వంపు. బెదురుతూ సగం తొక్కాను. కారు ముక్కు బయటికే పోయింది. "అలా కాదురా, నిలకడగా ఇంకొంచెం తొక్కు" అన్నాడు బావ. తొక్కాను. ముక్కుని ఎవరో లోపలికి పట్టి లాగినట్టు తిరిగింది. నా కారులో పదేళ్ళుగా అలవాటైనదానికి పూర్తిగా రివర్స్. కారణం తర్వాత తట్టింది. ఎల్‌ఎస్‌డీ వేగంగా తిరిగే చక్రం నుంచి నెమ్మదిగా తిరిగేదానికి టార్క్ పంపుతుంది. లోపలిది ఇంకా పట్టుతోనే ఉంటే వేగంగా పోయేది బయటి చక్రం, అందుకని లాగుడు లోపలివైపు పెరిగి కారు వెడల్పుగా పోతుంది. లోపలిది జారడం మొదలయ్యాక లెక్క తారుమారై బయటి చక్రం లాగుతుంది, ముక్కు లోపలికి వస్తుంది.

అన్నీ సుఖాలే అనుకోకూడదు. గతుకుల రోడ్డు మీద స్టీరింగ్ చేతుల్లో ఒకటే గింజుకుంది. ఒక చక్రం గుంతలో పడ్డప్పుడల్లా రెండోది లాగేస్తుంటే, పట్టు వదలడానికి లేదు. వచ్చేసరికి మణికట్లు నొప్పి.

ఇంటి గేటు ముందు ర్యాంపు ఐమూలగా ఎక్కించాను. ఒక ముందు చక్రం గాల్లోకి లేచింది, అంతే, అది ఊరికే తిరుగుతోంది, కారు కదలదు. ఇంత ఎల్‌ఎస్‌డీ ఉండి ఇదేంటని నేను బిక్కమొహం వేశాను. గాల్లో ఉన్న చక్రం మోసేది సున్నా, సున్నాని 2.5తో గుణిస్తే సున్నాయే కదా. ప్లేట్లని ముందే బిగించి పెట్టే రకం ఎల్‌ఎస్‌డీ అయితే కొంచెమైనా లాగేది. "ఎడమ కాలితో బ్రేక్ కొంచెం తొక్కి పట్టుకో, యాక్సిలరేటర్ వదలకు" అన్నాడు బావ. గాల్లో ఉన్న చక్రానికి బ్రేక్ కాస్త అడ్డు తగలగానే రెండోది అందుకుంది. కారు కూర్చున్నట్టే కూర్చుని లేచి లోపలికి వచ్చేసింది.

వెనక సీట్లోంచి మేనకోడలు, "ఇప్పుడు కూడా అటు చక్రం వెనక్కి తిరిగిందా?" అంది. లేదమ్మా, రెండూ ముందుకే అన్నాను. నమ్మలేదు. దిగి వెళ్ళి తడి ర్యాంపు మీద టైరు గుర్తు చూసొచ్చింది.

వాళ్ళు వెళ్ళాక టైరు సైజు రాసుకున్నాను, 195/55 ఆర్15, ముందుకి రెండు. దాని కింద చిన్న అక్షరాలతో ఎల్‌ఎస్‌డీ అని కూడా రాశాను.